ఏడుగురిని తీసుకొస్తే ఇద్దరు మిగిలారు, ఇప్పుడు తోటి సార్లకు నేనేం నేర్పాలి?

ఈసారి ఉత్తరం ఒక ఐటీఐ మేడమ్ నుంచి వచ్చింది. తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెబుతున్నారు, వయసు 38, పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు. చేత్తో రాసిన ఆరు పేజీలు. మొత్తం వేయడం కుదరదు కాబట్టి ముఖ్యమైనవి మాత్రం ఇస్తున్నాను.

ఆమె ఐటీఐ చదివిన రోజుల్లో బ్యాచ్ మొత్తానికి ఒక్కతే ఆడపిల్ల. అప్రెంటిస్ చేసి, ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ పూర్తి చేసి ఉద్యోగంలో చేరారు. రెండేళ్ల క్రితం ప్రిన్సిపాల్ పిలిచి, అమ్మాయిల అడ్మిషన్లు పెరగాలి, మీరు ఆడవాళ్లు కాబట్టి మీరే చూడండి అన్నారట. ఆమె ఎండల్లో తిరిగారు. జిల్లా పరిషత్ హైస్కూళ్లకు, కస్తూర్బా విద్యాలయానికి వెళ్లారు, ఇళ్లకు కూడా వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడి ఏడుగురు అమ్మాయిలను ఎలక్ట్రీషియన్‌లో చేర్పించారు. మొదటి ఏడాది చివరికి నలుగురు మిగిలారు, ఇప్పుడు రెండో ఏడాదిలో ఇద్దరే. మానేసినవాళ్లలో ఒకరికి పెళ్లి కుదిరింది, ఒకరు ఇంటర్‌లో చేరిపోయారు, ఒకరికి సాయంత్రం బస్సు అందడం లేదు, ఒకరి ఫొటోను క్లాసు అబ్బాయిలు వాట్సాప్ గ్రూపులో పెట్టి పిచ్చి కామెంట్లు రాశారు, ఇంకొకరు ఎందుకు మానేశారో ఎవరికీ తెలియదు. ఫొటో విషయం తెలిసి ఆ అమ్మాయి నాన్న స్టాఫ్ రూముకే వచ్చి, "మీ మాట మీద పంపినం మేడం, ఇప్పుడు ఊర్ల తలెత్తుకోలేకపోతున్నం" అని అందరి ముందూ అడిగారట. ఆ రాత్రి అన్నం తినలేదని రాశారు. మిగిలిన ఇద్దరూ ఒకే ఊరి పిల్లలనీ, పొద్దున ఒకే బస్సులో వస్తారనీ కూడా ఒక వాక్యం రాశారు, కానీ దాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు లేరు.

ఆమెను అంతకంటే కుంగదీసింది ఇంకో మాట. మిగిలిన ఇద్దరిలో ఒక అమ్మాయి ఈ మధ్య, "మేడమ్, రికార్డు మొత్తం నాకు వచ్చు, మోటార్ విప్పడం రాదు" అంది. ఆ పిల్ల ఆమె సొంత యూనిట్, అంటే ఆమే పాఠం చెప్పే బ్యాచ్, పిల్లే.

ఇప్పుడు పైనుంచి కొత్త ఆదేశం. చుట్టుపక్కల ఐదు ఐటీఐల ఇన్‌స్ట్రక్టర్లకు రెండు రోజుల శిక్షణ పెట్టాలి, అమ్మాయిలను టెక్నికల్ ట్రేడ్లలోకి ఎలా తీసుకురావాలో చెప్పాలి, చెప్పాల్సింది ఈమే. ప్రిన్సిపాలేమో పీపీటీ చేసి నాలుగు ఫొటోలు పంపితే చాలంటున్నారు. ఒక సీనియర్ సారు అయితే, గరిటె పట్టుకునే చేతికి ప్లయర్ ఎందుకమ్మా అని నవ్వుతూ అంటారట, ఆయన కూడా ఆ శిక్షణకు వస్తారు. నీకెందుకు ఈ టెన్షన్, పాఠం చెప్పి ఇంటికి రా అంటున్నారు భర్త. ఆమె అడిగినవి ఇవి. ఏ మొహం పెట్టుకుని వీళ్లకు నేర్పాలి? ఈ ఏడాది మళ్లీ ఇళ్లకు తిరగాలా వద్దా? ఆ తండ్రి దగ్గరికి వెళ్లాలా?

చెల్లీ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను 31 ఏళ్లు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చెప్పి రిటైరైనదాన్ని, అందుకే మీరు రాసినదాంట్లో చాలా భాగం నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది.

ముందు ఆ ఐదుగురి సంగతి. మీరు ఐదుగురినీ ఒకే మూటగట్టి నెత్తిన పెట్టుకున్నారు, ఆ మూట ఒకసారి విప్పుదాం. పెళ్లి కుదిరిన అమ్మాయి విషయంలో మీరు చేయగలిగింది చాలా తక్కువ. ఇంటర్‌కు వెళ్లిన అమ్మాయి చదువు మానలేదు, దారి మార్చుకుంది, దాన్ని నష్టం లెక్కలో వేయకండి. బస్సు అందని అమ్మాయిది టైమ్‌టేబుల్ సమస్య, మీ సంస్థ చేతిలో ఉన్న పని, నలుగురు కూర్చుని మాట్లాడితే తేలేది. ఫొటో విషయం వేరు, అది తప్పు, దాని గురించి కింద విడిగా రాస్తాను. ఎందుకు మానేసిందో తెలియని అమ్మాయి ఉంది చూశారూ, నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ అమ్మాయే. ఒక పిల్ల రావడం మానేస్తే కారణం ఏమిటని అడగడానికి ఎవరూ వెళ్లలేదంటే, చేర్పించడానికి ఇంటికి వెళ్లిన మనం మానేసినప్పుడు వెళ్లలేదన్నమాట. మిమ్మల్ని నొప్పించాలని కాదు, అడ్మిషన్ల మీద పడి పనిచేసే ప్రతి చోటా జరిగేదే ఇది. చేరేదాకా లెక్క ఉంటుంది, చేరాక లెక్క అడిగేవాళ్లుండరు.

ఇక మీరు ఒక్క వాక్యం రాసి దాటేసిన విషయం. మిగిలిన ఇద్దరూ ఒకే ఊరివాళ్లు, ఒకే బస్సులో వస్తారు. మానేసిన ఐదుగురూ తలో ఊరి నుంచి ఒంటరిగా వచ్చినవాళ్లేనా? ఒకసారి చూసుకోండి. నా అనుభవంలో వర్క్‌షాపులో నిలబడిన ఆడపిల్లలు దాదాపు అందరికీ పక్కన ఇంకో ఆడపిల్ల ఉంది. టీ బ్రేకులో ఎవరితో నిలబడాలి, బాత్రూముకు ఎవరితో వెళ్లాలి, లెక్క అర్థం కాకపోతే సిగ్గు లేకుండా ఎవరిని అడగాలి, ఇవన్నీ చిన్న విషయాలే గానీ పదహారేళ్ల పిల్లకు రోజంతా ఇవే.

అయ్యలసోమయాజుల లలిత గారి కథ మీకు తెలిసే ఉంటుంది, మన తెలుగావిడే, దేశంలో ఎలక్ట్రికల్ ఇంజినీరైన మొదటి మహిళ. 18 ఏళ్లకే భర్త పోయాడు, చేతిలో నెలల పాప. 1940లో మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చేరారు. వాళ్ల నాన్న పప్పు సుబ్బారావు గారు అక్కడే ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. 1943లో పట్టా ఇచ్చేటప్పుడు సర్టిఫికెట్‌లో "అతడు" అని అచ్చువేసి ఉన్నదాన్ని కొట్టేసి "ఆమె" అని రాయాల్సి వచ్చింది. ఈ కథ చెప్పినప్పుడు అందరూ ఆ కొట్టివేత దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం ఇంకో సంగతి ముఖ్యం అనిపిస్తుంది. కాలేజీ మొత్తానికి ఆమె ఒక్కతే కావడంతో చాలా ఒంటరిగా ఉంటున్నారని, అమ్మాయిలకు కూడా ప్రవేశం ఉందని కాలేజీ ప్రకటన ఇచ్చింది. అలా లీలమ్మ జార్జ్, పి.కె. థ్రేసియా సివిల్‌లో చేరారు. ఆ థ్రేసియా గారే తర్వాత కేరళలో పబ్లిక్ వర్క్స్ చీఫ్ ఇంజినీర్ అయ్యారు. లలిత గారు భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ లైన్ల పనిలో పాలు పంచుకున్నారు. 80 ఏళ్ల కిందట, ఒక పిల్లను చేర్చుకున్నాక ఆ పిల్ల ఒంటరిగా ఉండకూడదని ఆలోచించిన మనుషులు ఉన్నారు. మీ ఏడుగురిని రెండు యూనిట్లలోకి పంచేశారని రాశారు, నలుగురు ఇటు, ముగ్గురు అటు. 20 మంది ఉన్న యూనిట్‌లో ముగ్గురంటే ఒకరు జ్వరం వచ్చి రాకపోతే ఇద్దరు, ఒకరు మానేస్తే ఎప్పుడూ ఇద్దరే. ఏడుగురినీ ఒకే యూనిట్‌లో ఉంచి ఉంటే లెక్క వేరుగా ఉండేదేమో అని నా అనుమానం. పంచడం వెనక ఎవరికీ చెడు ఉద్దేశం ఉండదు, ఆఫీసులో లిస్టు వేసేవాళ్లు అక్షర క్రమంలో వేస్తారు, అంతే.

ఇప్పుడు మిమ్మల్ని కుంగదీసిన ఆ మాట దగ్గరికి వద్దాం. రికార్డు వచ్చు, మోటార్ విప్పడం రాదు.

చెల్లీ, ఆ మాట నా పిల్లలు కూడా నాతో అనవలసినదే, అనలేదంతే. ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ల వరకు నా ల్యాబులో ఏం జరిగేదో చెబుతాను. నలుగురికి ఒక ప్యానెల్. కనెక్షన్లు ఇచ్చేది అబ్బాయిలు, స్విచ్ వేసేది అబ్బాయిలు, మీటర్ దగ్గర నోటుబుక్కు పట్టుకుని నిలబడేది అమ్మాయి. రీడింగ్ ఎంత అని అబ్బాయి అరుస్తాడు, అమ్మాయి వంగి చూసి చెప్పి రాసుకుంటుంది, సాయంత్రానికి గ్రాఫ్ ముత్యాల్లా గీసి తెస్తుంది. నేను ఆ గ్రాఫ్ చూసి పదికి పది వేసేదాన్ని. చేతిరాత బాగుందని పక్కవాళ్ల రికార్డు కూడా ఆ అమ్మాయితోనే రాయించేవాళ్లు, అది మెచ్చుకోలు అనుకున్నాను. ఒకసారి వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్, నాకు ఇష్టమైన స్టూడెంట్‌ను మూడు వైర్లు చేతికిచ్చి స్టార్టర్‌కు కలపమన్నాడు. వైర్లు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఏమిటంటే, ఆ పిల్ల మాట విని నిద్రపట్టని మనిషి కాబట్టే ఈ శిక్షణ ఇవ్వడానికి మీకు అర్హత ఉంది. ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం మీ నిర్ణయం, దేనికి ఏమవుతుందో చెబుతాను.

నాకు కుదరదు అని రాసి ఇచ్చేయవచ్చు. ఇప్పటికే అలసిపోయి ఉన్నారు కాబట్టి తప్పు పట్టను. అయితే అప్పుడు ఆ రెండు రోజులూ ఎవరో బయటి మనిషి వచ్చి మహిళా సాధికారత మీద మాట్లాడతారు, టీ బిస్కెట్లు అవుతాయి, సంతకాలవుతాయి. ప్రిన్సిపాల్ చెప్పినట్టు పీపీటీ చేసి ఫొటోలు పంపితే మీకు ఇబ్బంది ఉండదు, పైవాళ్లు సంతోషిస్తారు, కానీ వచ్చే ఏడాది ఐదు ఐటీఐల్లో ఐదుగురు మీలాగే ఇళ్లకు తిరిగి పిల్లల్ని తెచ్చి పోగొట్టుకుంటారు, అందులో మీ చేయి కూడా ఉందని మీకు తెలుస్తుంది. అదే జరిగితే మీ మనసు ఊరుకోదని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. మూడోది, శిక్షణను మీ పద్ధతిలో చేయడం. కష్టం ఇందులోనే ఎక్కువ, ఒకరిద్దరితో మాట పట్టింపులు కూడా వస్తాయి. నాకు నచ్చేది ఇదే కాబట్టి దీని గురించి ఎక్కువ రాస్తున్నాను, మిగతావి తక్కువ చేయడానికి కాదు.

మీ పద్ధతి అంటే, హాల్లో కుర్చీలు వేసి కాదు, వర్క్‌షాపులో. మొదటి రోజు పొద్దున క్లాసు నడుస్తుండగా వచ్చిన ఇన్‌స్ట్రక్టర్లందరికీ తలా ఒక కాగితం ఇచ్చి, గంటసేపు ఒకే ఒక్క పని చెప్పండి. ఎవరి చేతిలో టూలు ఎంతసేపు ఉందో రాయమనండి. ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ ఎవరు పట్టుకున్నారు, నిచ్చెన ఎవరు ఎక్కారు, పుస్తకం ఎవరి చేతిలో ఉంది, సారు ఎవరిని పేరు పెట్టి పిలిచారు, తప్పు చేస్తే ఎవరికి మళ్లీ చేయమని ఇచ్చారు, ఎవరి చేతిలోంచి లాక్కుని చేసి చూపించారు. ఈ చివరిది బాగా గమనించమనండి. అబ్బాయి స్క్రూ తప్పుగా బిగిస్తే, ఏరా విప్పు, మళ్లీ చెయ్ అంటాం, అమ్మాయి తప్పుగా బిగిస్తే, ఇటివ్వమ్మా అని మనమే బిగించేస్తాం. ప్రేమగానే చేస్తాం. ఆ ప్రేమతోనే రెండేళ్లు గడిచిపోతాయి, పిల్ల చేతికి పని రాదు. ఆ గంట మీ యూనిట్‌లోనే పెట్టండి, వేరే సారు క్లాసులో పెట్టకండి. ముందు నా తప్పు చూడండి అని మీరు నిలబడితే వాళ్లు ఎదురు మాట్లాడటానికి ఏమీ ఉండదు, తమ క్లాసు గుర్తుకొచ్చి ఆలోచిస్తారు. మీకు మాత్రం ఆ గంట చాలా ఇబ్బందిగా ఉంటుంది, అందుకు సిద్ధపడితేనే ఇది చేయండి.

అబ్బాయిలకు సహజంగానే వస్తుంది, అమ్మాయిలకు రాదు అని ఎవరో ఒకరు అంటారు, తప్పకుండా అంటారు. అప్పుడు వాదించకుండా, ఊళ్లో బోరు మోటార్ కాలిపోతే నాన్న బండి వెనక మెకానిక్ దగ్గరికి వెళ్లేది ఎవరు అని అడగండి. కొడుకే. వాడు పదో తరగతికి వచ్చేసరికి వైండింగ్ విప్పడం పదిసార్లు చూసి ఉంటాడు, ఫ్యూజ్ వేసి ఉంటాడు, షాక్ కూడా ఒకసారి కొట్టించుకుని ఉంటాడు. అమ్మాయి మన దగ్గరికి వచ్చాకే ప్లయర్ మొదటిసారి పట్టుకుంటుంది. ఇద్దరికీ మొదటి రోజు ఒకే పని ఇచ్చి, వీడికి వచ్చింది, దానికి రాలేదు అంటే ఎలా? అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌లో చేరే విద్యార్థుల్లో అమ్మాయిలు 1995లో 7 శాతం, 2000 నాటికి 42 శాతం. వాళ్లు గమనించినది సరిగ్గా ఇదే, ఇంట్లో ముందే కంప్యూటర్‌తో ఆడుకుని వచ్చిన అబ్బాయిలను చూసి, ఏమీ తెలియని అమ్మాయిలు మాకు తెలివి లేదు అనుకుంటున్నారని. అందుకని ముందే తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ మొదటి కోర్సు వేరువేరుగా పెట్టారు. చేర్చుకునేటప్పుడు ముందే ప్రోగ్రామింగ్ వచ్చా అన్నదానికి బరువు తగ్గించారు. హైస్కూల్ టీచర్లను వేసవిలో పిలిచి కొత్త ప్రోగ్రామింగ్ భాష నేర్పుతూ, దాంతోపాటే అమ్మాయిలు ఎక్కడ జారిపోతున్నారో కూడా చర్చించారు. మీకు అంత డబ్బు, అంత మంది ఉండరు, తెలుసు. కానీ మొదటి నెల రోజులు వారానికి రెండు సాయంత్రాలు, టూల్ అసలు పట్టుకోనివాళ్లకు, అబ్బాయైనా అమ్మాయైనా, విడిగా చేతి పని చేయించడానికి డబ్బు అక్కర్లేదు. బస్సు టైము చూసుకుంటే చాలు.

డ్రాయింగ్ గురించీ అంతే. ఐసోమెట్రిక్ బొమ్మ, అంటే వస్తువు మూడు పక్కలూ ఒకేసారి కనిపించేలా గీసిన బొమ్మ, చూసి వస్తువును ఊహించుకోవడం అమ్మాయిలకు రాదని మా స్టాఫ్ రూములో కూడా అనేవాళ్లు. అమెరికాలోని మిషిగన్ టెక్ యూనివర్సిటీలో షెరిల్ సోర్బీ అనే ప్రొఫెసర్ 1993 నుంచి, ఇలా ఊహించుకునే పరీక్షలో వెనకబడిన పిల్లలకు చిన్న కోర్సు పెట్టి నేర్పిస్తే బాగా మెరుగయ్యారు. ఆమె కూడా చదువుకునేటప్పుడు డ్రాయింగ్‌తో ఇబ్బంది పడినావిడే. చెక్క ముక్కలు చేతికిచ్చి తిప్పి చూస్తూ గీయమనండి, అదే మొదలు.

ఉద్యోగాలెక్కడున్నాయి అనే ప్రశ్న కూడా వస్తుంది. దానికి బబ్బూరి శిరీష గారి సంగతి చెప్పండి, సిద్దిపేట జిల్లా అమ్మాయి. 2019లో జూనియర్ లైన్‌మెన్ నోటిఫికేషన్‌లో ఆడవాళ్లకు అవకాశమే లేదు. హైకోర్టు దాకా వెళ్లి, పరీక్ష రాసి, స్తంభం ఎక్కే టెస్టు కూడా పాసై 2021లో ఉద్యోగంలో చేరారు. అయితే ఆమె ఫొటో స్లయిడ్‌లో పెట్టి చప్పట్లు కొట్టించి వదిలేయకండి. ఆమె చేతిలో ఐటీఐ సర్టిఫికెట్ ఉండబట్టే కోర్టుకు వెళ్లగలిగారు, ఎక్కడం వచ్చి ఉండబట్టే స్తంభం ఎక్కగలిగారు, మరి మన దగ్గర ఎంతమంది ఆడపిల్లలకు స్తంభం ఎక్కడం నేర్పాం అని అడిగి, వాళ్లు చెప్పేదాకా ఆగండి.

ఆ సీనియర్ సారు విషయంలో నాకు తోచింది ఒకటుంది. గరిటె మాట అన్నందుకు అందరి ముందూ నిలదీస్తే ఆయన శత్రువవుతాడు, ఆయన వెనక ఇంకో ముగ్గురు నిలబడతారు. వదిలేస్తే శిక్షణలో కూడా అదే మాట అంటాడు, అందరూ నవ్వుతారు, మీ రెండు రోజుల కష్టం ఆ ఒక్క నవ్వుతో పోతుంది. ముందురోజే విడిగా కూర్చుని, సార్, మీకు రివైండింగ్‌లో ఉన్న చెయ్యి మా ఎవరికీ లేదు, రెండో రోజు మధ్యాహ్నం ఇద్దరు అమ్మాయిలకు మీరే మోటార్ విప్పడం నేర్పండి, మిగతావాళ్లు చూస్తారు అని అడగండి. నిజంగానే పనిమంతుడైతే నేర్పకుండా ఉండలేడు. ఒప్పుకోకపోతే కూడా పోయేదేమీ లేదు, పిల్లల గురించి ఆ మాట ఇంకోసారి వద్దు సార్ అని మర్యాదగా, స్పష్టంగా చెప్పి రండి.

ఫొటో విషయం మాత్రం ఇలా బుజ్జగించి సర్దే విషయం కాదు. ఇందులో మీకు ఆప్షన్లు ఇవ్వను. ఆ గ్రూపులో ఏం రాశారో మీ దగ్గర ఉన్నంతవరకు భద్రపరచండి. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ప్రకారం మీ సంస్థకు అంతర్గత కమిటీ ఉండాలి, ఫిర్యాదుకు మామూలుగా మూడు నెలల గడువు ఉంటుంది, ఎప్పుడు జరిగిందో మీరు రాయలేదు కాబట్టి ముందు ఆ తేదీ చూసుకోండి. అమ్మాయి వయసు 18 లోపు అయి, ఆ రాతలు లైంగికంగా వేధించేవైతే పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం కిందికి వస్తుంది, అలాంటిది తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని ఆ చట్టం అంటుంది. అనుమానం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి అడగండి. అబ్బాయిల భవిష్యత్తు పాడవుతుంది అని మీతో ఎవరైనా అంటే, ఇప్పటికే ఒక అమ్మాయి చదువు ఆగిపోయిందని గుర్తు చేయండి.

ఆ తండ్రి దగ్గరికి వెళ్లాలా అన్నారు. వెంటనే వెళ్లి మళ్లీ పంపండి అని మాత్రం అడగకండి, దానికి ఆయన ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. అమ్మాయికి ఇష్టమేనా అని ముందు అమ్మాయినే అడిగి తెలుసుకోండి. ఆ తర్వాత వెళితే, చేతిలో ఏదో ఒకటి పెట్టుకుని వెళ్లండి, ఆ అబ్బాయిల మీద ఫలానా చర్య తీసుకున్నాం, మా వల్ల తప్పు జరిగింది అని. వెళ్లాక ఆయన తలుపు తీయకపోవచ్చు, తిట్టవచ్చు కూడా. వెళ్లకుండా ఉండటం కూడా ఒక దారే, చర్య తీసుకున్నామన్న సంగతి ఉత్తరంగా రాసి పంపవచ్చు. కానీ ఊళ్లో ఆ తండ్రి చెప్పే మాట మీ వంద మాటల కంటే ఎక్కువ దూరం వెళ్తుంది, అందుకే నేనైతే వెళ్తాను. వాళ్ల ఇంట్లో పెద్దరికం ఉన్న ఒక మేనమామనో, పంతులు గారినో వెంటపెట్టుకుని వెళ్తాను.

ఇక అడ్మిషన్లు. ఈ ఏడాది ఆగిపోవచ్చు. ఆగితే ఉన్న ఇద్దరి మీద మనసు పెట్టొచ్చు, బాత్రూము, బస్సు, యూనిట్ల సంగతి సర్దుకోవచ్చు, కానీ ఆ ఇద్దరూ పాసై వెళ్లాక వర్క్‌షాపులో ఒక్క ఆడపిల్లా ఉండదు, మళ్లీ సున్నా నుంచి మొదలు. ప్రిన్సిపాల్ కూడా ఒప్పుకోరు. లేదంటే వెళ్లొచ్చు, కానీ పోయినసారిలా కాకుండా. పది ఊళ్ల నుంచి పదిమందిని ఏరకండి, ఒకటి రెండు బస్సు రూట్లు ఎంచుకోండి, ఆ రూట్లోనే ఐదారుగురు వచ్చేలా చూడండి. 2023 డిసెంబర్ 9 నుంచి మన దగ్గర ఆడవాళ్లకు ఆర్టీసీ టికెట్ లేదు కాబట్టి ఛార్జీల భయం పోయింది, సాయంత్రం చివరి పీరియడ్ ఎప్పుడు వదులుతారన్నదే మిగిలింది. ఆ ఇద్దరు పిల్లల ఊరి నుంచే మొదలుపెట్టండి, వాళ్లనే మాట్లాడనివ్వండి. పదో తరగతి ఫలితాలు వచ్చాక వెళితే ఆలస్యం, అప్పటికే ప్రైవేట్ జూనియర్ కాలేజీల పీఆర్వోలు ఇంటింటికీ తిరిగి అడ్వాన్సులు కట్టించుకుని ఉంటారు. సంక్రాంతి అయ్యాక ఒకసారి, పరీక్షలు అయిన మర్నాడు ఇంకోసారి వెళ్లండి. తండ్రుల కంటే ముందు తల్లులను కలవండి, మహిళా సంఘం నెలవారీ మీటింగుకు వెళ్లి పది నిమిషాలు అడగండి. అక్కడ ఉపన్యాసం వద్దు, ఒక టేబుల్ ఫ్యాన్ తీసుకెళ్లి వాళ్ల ముందు విప్పి, కెపాసిటర్ మార్చి తిప్పి చూపించండి, ఎవరో ఒకామె నేను పట్టుకుంటా ఇటివ్వు అంటుంది.

అక్కడ దాచకుండా చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. చేతులు కందుతాయి, మొదటి అప్రెంటిస్ జీతం తక్కువ, కొన్ని కంపెనీలు వేరే ఊళ్లో హాస్టల్‌లో ఉండమంటాయి, కొంతమంది కాంట్రాక్టర్లు ఆడపిల్లలను తీసుకోరు. ఇవి ముందే చెబితే ఇద్దరు వెనక్కి తగ్గుతారు, మీ లెక్క తగ్గుతుంది. చెప్పకపోతే ఆ ఇద్దరూ ఆర్నెల్లకు మానేస్తారు, ఊరంతా చెబుతారు.

ఎలక్ట్రీషియనే కావాలని కూడా పట్టుపట్టకండి. రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషీన్లు), రోబోటిక్స్ లాంటివి వస్తున్నాయి. బరువులెత్తాలి అనే సాకు అక్కడ పనిచేయదు. కానీ జాగ్రత్త, అక్కడ కూడా అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని డేటా కొట్టి, మెషీన్ దగ్గర అబ్బాయి నిలబడితే మళ్లీ పాత కథే.

చిన్నవి రెండు. సేఫ్టీ షూ సైజులు అడగండి, మా దగ్గర స్టోర్‌కు వచ్చే షూ అన్నీ మగవాళ్ల సైజులే, పిల్లలు ముందు గుడ్డ కుక్కుకుని నడిచేవాళ్లు, అలాంటి షూతో నిచ్చెన ఎక్కమంటే భయపడరా? అమ్మాయిల బాత్రూము తాళం చెవి ఎక్కడుంటుందో కూడా చూడండి. ఆఫీసులో గుమాస్తా దగ్గర ఉండి, ప్రతిసారీ ఆయన్ని అడిగి తెచ్చుకోవాలంటే పిల్లలు పొద్దుటినుంచి నీళ్లు తాగడం మానేస్తారు. శిక్షణకు వచ్చే ఐదు ఐటీఐల వాళ్లను ఈ రెండే ఇంటికి వెళ్లేలోపు చూసి చెప్పమనండి.

మీ ఆయన మాట కూడా కొట్టిపారేయలేను. మీరు ఆడవాళ్లు కాబట్టి మీరే చూడండి అన్నప్పుడే ఈ బరువంతా మీ ఒక్కరి మీద పడింది. శిక్షణకు ఒప్పుకుంటే ఒక షరతు పెట్టండి, నాతో పాటు ఒక మగ ఇన్‌స్ట్రక్టర్ కూడా చెప్పాలి, అడ్మిషన్లకు కూడా ఇద్దరం కలిసే వెళ్తాం, నా పీరియడ్లు కొన్ని సర్దాలి అని. కాగితం మీద రాసి అడగండి. ప్రిన్సిపాల్ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకోకపోతే మీరు చేయగలిగినంతే చేయండి, దానికి మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టకూడదు.

ఇవన్నీ నెమ్మదిగా ఆలోచించుకోండి. ఒక్కటి మాత్రం ఈ వారమే చేయండి. స్క్రాపులో కాలిపోయిన హాఫ్ హెచ్‌పీ మోటార్ ఒకటి ఉంటుంది కదా, అది బెంచి మీద పెట్టి ఆ ఇద్దరినీ పిలవండి. పుస్తకం, పెన్ను బయట పెట్టమనండి. టెర్మినల్ బాక్స్ మూత దగ్గర్నుంచి వాళ్లనే తీయనివ్వండి, స్క్రూ జారుతుంది, బేరింగ్ రాదు, గంటలో అయ్యేది మూడు గంటలు పడుతుంది. మీరు పక్కన స్టూలు వేసుకుని చేతులు కట్టుకుని కూర్చోండి. ఎంతసేపైనా సరే, వాళ్ల చేతిలోంచి తీసుకోకండి. ఆ పూట ఎలా గడిచిందో నాకు రాయండి.